మంద అనే క్లాసు

మా ఆఫీసు కింది అంతస్తులో వారం రోజులుగా నేల మారుస్తున్నారు. మొన్న పొద్దున లోపలికి అడుగుపెట్టగానే తడి రాతిపొడి వాసన తగిలింది. నాపరాయిని నీళ్ళు పోస్తూ కోసేటప్పుడు వచ్చే వాసన అది. ముక్కులోకి చల్లగా పోయి గొంతులో గరుగ్గా దిగుతుంది. పనిచేస్తున్న మనిషిని రాయి ఎక్కడిదని అడిగాను. "తాండూర్ది మేడం" అన్నాడు. అడగకముందే నాకు తెలుసు. నేను చదివిన డిగ్రీ కాలేజీ తాండూరులో రాళ్ళ పాలిషింగు యూనిట్ల మధ్యన ఉండేది. కంప్యూటర్ ల్యాబు వెనకగోడకు అవతలే కోత యంత్రం. కిటికీలు ఎంత బిగించినా పొడి లోపలికి వచ్చి కీబోర్డుల మీద బూడిదరంగు పొరలా పేరుకునేది. శరణప్ప సార్ క్లాసు మొదలుపెట్టే ముందు జేబురుమాలుతో ముందువరస కీబోర్డులన్నీ తుడిచేవారు. తుడిచాక రుమాలు దులిపి, మడిచి, మళ్ళీ అదే జేబులో పెట్టుకునేవారు. మొన్న ఆ వాసన తగిలాక మధ్యాహ్నం దాకా నాకు పని సాగలేదు.

ఇది రాయడానికి కూర్చున్నాక ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 'సార్ అన్నారు' అని రాయాలా, 'అన్నాడు' అని రాయాలా? మనసులో ఆయన్ను 'వాడు' అని తిట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి. కానీ రాయబోతే చెయ్యి 'అన్నారు' అనే రాస్తోంది. అట్లాగే ఉండనిస్తాను. సార్‌ది తాండూరులో కందుల వ్యాపారం చేసే కుటుంబం, ఇంట్లో కన్నడం. వ్యాపారం అన్నదమ్ములకు వదిలేసి ఆయన బెంగళూరులో కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశారు. తల్లికి పక్షవాతం వచ్చాక తిరిగొచ్చి మా కాలేజీలో చేరారు. నలభై దాటిన మనిషి, సన్నగా, కొంచెం వంగి నడిచేవారు. 'చూడు' అనడానికి 'నోడు' అనేవారు. నేను యాలాల్ దగ్గరి ఒక పల్లె నుంచి బస్సులో వచ్చేదాన్ని. మాది గొర్రెలు కాసే ఇల్లు. డిగ్రీలో చేరేదాకా కంప్యూటర్‌ను చేత్తో ముట్టుకోలేదు. మల్లేశ్వరి అని హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనడానికి కూడా సిగ్గుపడి చెయ్యెత్తేదాన్ని.

జావా అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టిన నెలలోనే ఒకరోజు సార్ మాచేత క్లాసులోని పది మంది పేర్లు ఒక వరుసలో పెట్టించి తెర మీద ప్రింట్ చేయమన్నారు. నేను పేర్లన్నీ తప్పులు లేకుండా కొట్టి నడిపించాను. తెర మీద ఒక్క పేరూ రాలేదు. ఒక బ్రాకెట్టు, ఒక పెద్ద అక్షరం, జావా అన్న మాట, దాని వెనక ఏవో అంకెలూ అక్షరాలూ కలిసిన చెత్త. మిషన్ పాడుచేశానేమోనని చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక వరుసలో ఎవరో నవ్వారు. సార్ వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"ఏం ఖరాబ్ కాలే బిడ్డా. పరేషాన్ కాకు. నువ్వు దాన్ని ఏమడిగినవ్?"

"పేర్లు అడిగిన సార్."

"అడగలే. పేర్లు పెట్టిన డబ్బాను చూపెట్టి, గిదేందని అడిగినవ్. గది, నేను ఫలానా రకం డబ్బాను, నా నంబరు గిది అని చెప్పింది. లోపలేమున్నదో దానికి చెప్పరాదు. చెప్పుడు నువ్వు నేర్పాలె."

తర్వాత బోర్డు మీద రాసి చూపించారు. వరుసలో ఒక్కొక్క పేరునూ తీసి, ముందు వరుస సంఖ్య వేసి, ఒక్కొక్క లైనులో ఒక్కొక్కటిగా ప్రింట్ చేసే నాలుగు లైన్ల ముక్క. దాన్ని మెథడ్ అంటారు. జావాలో దీనికి తయారుగా ఒకటి ఉందని, కానీ మొదట మీరే రాసుకోవాలని అన్నారు. మళ్ళీ నడిపిస్తే పది పేర్లూ కిందికి వచ్చాయి. ఏడో పేరు నాది. నా పేరు తెర మీద అచ్చులో చూడటం అదే మొదటిసారి. సార్ ఆ పేరు కింద వేలు పెట్టి, "నోడు, గిది చదివేటోనికి అర్థమైతది. ప్రోగ్రాం అంటే నీకొక్కదానికి అర్థమైతే సరిపోదు" అన్నారు. అప్పటినుంచి నేను ఆయన క్లాసులో ముందువరుసలో కూర్చున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలకు పోలిక పాఠం వచ్చింది. ఒకే పేర్లున్న రెండు జాబితాలు చేయించి, రెండూ సమానమా అని అడిగించారు. కాదని వచ్చింది. అందరం తెల్లబోయాం. మీరు పోల్చింది రెండు డబ్బాలను, వాటిలో ఉన్నవాటిని కాదు అని చెప్పి, హఠాత్తుగా నన్ను లేపారు.

"మల్లేశ్వరీ, కాగ్నా వాగు కాడ మీ మందల ఇంకొకల్ల మంద కలిసిందనుకో. మీ నాయిన ఏం జూసి పోల్చుకుంటడు? యాడ నిలబడ్డదో చూస్తడా?"

క్లాసులో గొర్రెల మాట ఎత్తినందుకు చెవులు వేడెక్కాయి. అయినా చెప్పాను. "చెవి కోత జూస్తడు సార్. మాది కుడి చెవికి రెండు కోతలు."

"గంతే. పోల్చేముందు దేన్ని జూసి పోల్చాల్నో నువ్వు నిర్ణయం చేయాలె. వరుస జూడాల్నా, వద్దా? ఒకటే పేరు రెండుసార్లు ఉంటే ఏం జేయాలె? మీ నాయిన దగ్గర గొర్రెలన్నీ ఉన్నయా లేవా అంటే 'లేవు' అని ఊకుంటడా?"

"ఊకోడు సార్. ఏది తప్పిపోయిందో చెప్తడు. ఎక్కువొస్తే ఎవలదో చెప్తడు."

సార్ ముఖం ఆ రోజు వెలిగిన తీరు నాకింకా గుర్తుంది. ఇల్లు చేరేదాకా బస్సులో అదే ఆలోచించాను. ఆదివారమంతా కూర్చుని నోటుపుస్తకంలో ఒక పద్ధతి రాశాను. రెండో జాబితాకు ఒక నకలు తీయాలి. మొదటి జాబితాలో ఒక్కొక్కటి చూస్తూ, నకలులో అది దొరికితే అక్కణ్ణుంచి తీసేయాలి. దొరకనివి 'తప్పిపోయినవి'. చివరికి నకలులో మిగిలినవి 'ఎక్కువొచ్చినవి'. ఒకే పేరు రెండుసార్లున్నా లెక్క తప్పదు. అది నేను ఎక్కడా చూసి రాసింది కాదు. మా నాయిన సాయంత్రం దొడ్డి దగ్గర నిలబడి ఒక్కొక్క గొర్రెనూ లోపలికి తోలడం చూసి రాసింది. ప్రింట్ చేసే మెథడ్‌నూ, పోల్చే మెథడ్‌నూ ఒక క్లాసులో పెట్టి దానికి 'మంద' అని పేరు పెట్టాను. జావాలో క్లాసు అంటే ఇట్లాంటి మెథడ్లను కలిపి ఉంచే మూట. సార్ చదివి నవ్వారు. "పేరు మస్తున్నది" అని, ఎర్రసిరాతో రెండు చోట్ల దిద్ది, ఆ పేజీ తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటానని అడిగి తీసుకున్నారు. నన్ను అడిగి మరీ తీసుకున్నారు. అంత పెద్ద గౌరవం నాకు అంతకుముందు ఎవరూ చేయలేదు.

ఆఖరు సంవత్సరం ప్రాజెక్టుకు శరణప్ప సారే గైడు. దానికి ఆ మందనే వాడాను. మా కాలేజీ గ్రంథాలయం జాబితాలో ఉన్న పుస్తకాలకూ బీరువాల్లో నిజంగా ఉన్న పుస్తకాలకూ పొంతన ఉండేది కాదు. అంతకుముందు ఎండాకాలం సెలవుల్లోనే దుమ్ములో కూర్చుని బీరువాల్లోని పుస్తకాల పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ప్రోగ్రాం నడిపితే ఏ పుస్తకాలు పోయాయో, జాబితాలో లేని పుస్తకాలు ఎక్కడ ఉన్నాయో రెండు వరుసలుగా వచ్చేది. ఆ ప్రాజెక్టు చూసి హైదరాబాదు కంపెనీవాళ్ళు నన్ను ఉద్యోగానికి ఎంపిక చేశారు. జూలైలో పాసైన కాగితం తెచ్చి చేరమన్నారు. మా వైపు నుంచి అట్లాంటి ఉద్యోగానికి పోయిన ఆడపిల్ల లేదని అమ్మ వాడంతా చెప్పుకొంది. నా క్లాసులో నవీన్ అని ఒకడుండేవాడు. కాలేజీ నడిపే కరస్పాండెంటుకు అన్నకొడుకు. చెడ్డవాడేం కాదు, చదవడంతే. ఒకరోజు ల్యాబులో నా దగ్గరికొచ్చి, "మల్లేశ్వరీ, నీ ప్రోగ్రాం జర ఇయ్యవా, ఎట్ల నడుస్తదో చూసి ఇస్త" అన్నాడు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. ఆ ఇంటి పిల్లవాడు నన్ను అడుగుతున్నాడని గర్వపడి ఇచ్చాను. ఆ తప్పు నాదే, ఇంకెవరి మీదా పెట్టను.

ప్రాజెక్టు వైవాకు సెంటరు వికారాబాదులో ఒక కాలేజీలో పడింది. పొద్దున రైల్లో పోయాం. ఎప్పుడూ మాతో కూర్చుని పల్లీలు పంచుకు తినే సార్ ఆ రోజు వేరే పెట్టెలో ఎక్కారు. నేను పట్టించుకోలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. నా వంతు వచ్చినప్పుడు లోపల నవీన్ కూడా కూర్చుని ఉన్నాడు. పరీక్షకుడి ముందు రెండు ప్రాజెక్టు పుస్తకాలు. ఆయన రెండింటినీ తిప్పి, ఒక్కో పేజీ పక్కపక్కన పెట్టి చూపించారు. అట్ట మీద పేరు తప్ప అంతా ఒకటే. నా అక్షరదోషాలు కూడా అట్లాగే ఉన్నాయి.

"మంద అంటే ఏమిటి?" అని ఆయన ముందు నవీన్‌ను అడిగారు.

నవీన్ నేల చూశాడు. "ఊకెనే పెట్టిన సార్."

"నువ్వు చెప్పమ్మా."

"గొర్ల మంద సార్. మాది గొర్లు కాసే ఇల్లు."

ఆయన కొంచెం నవ్వారు, ఎగతాళిగా కాదు. "నాకేదో అర్థమవుతోంది. కానీ పేరు చెప్పినంత మాత్రాన రుజువు కాదు. ఇద్దరికీ గైడ్ ఒకరే. ఆయన ఒక్క మాట చెప్తే నేను రాసుకుంటాను" అని బయట ఉన్న శరణప్ప సార్‌ను పిలిపించారు. నాకు ఊపిరి తిరిగొచ్చింది. సార్ వచ్చారు. తలుపు మూసుకునే లోపల వరండాలో కరస్పాండెంటు తెల్లచొక్కా కనిపించింది. పరీక్షకుడు రెండు పుస్తకాలూ ఆయన ముందుకు జరిపారు. సార్ తన చేత్తోనే రెండూ తెరిచారు. అప్పుడు నేను చూశాను. నవీన్ పుస్తకం మొదటి పేజీలో, ఇది ఈ విద్యార్థి సొంత పని అని ధ్రువీకరించే చోట, శరణప్ప సార్ సంతకం ఉంది. నా దాని మీద పెట్టిన తారీఖుకు మూడు రోజుల ముందుది.

సార్ పేజీలు తిప్పారు. మంద క్లాసు వచ్చిన చోట ఆగారు. తాను దిద్దిన రెండు చోట్లూ ఆయన కళ్ళముందే ఉన్నాయి. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"రెండు ఒకటే ఉన్నయ్ సార్" అన్నారు చివరికి. "ఎవరు ఎవరిది చూసిన్రో నేను చెప్పలేను."

"మీ దగ్గరే కదా చేశారు?"

"చెప్పలేను సార్."

నేను లేచి నిలబడ్డాను. "సార్, నకలులకెల్లి ఎందుకు తీసేస్తమో నవీన్‌ను అడగండి సార్. ఒక్క ప్రశ్న అడగండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పరీక్షకుడు నవీన్ వంక చూశారు, తర్వాత శరణప్ప సార్ వంక చాలాసేపు చూశారు. సార్ తలెత్తలేదు. "గైడ్ చెప్పకపోతే నేను తారీఖు ప్రకారం పోవాలమ్మా. ముందు ఇచ్చినవాళ్ళది అసలు అవుతుంది" అని, బయట ఇంకా ఇరవై మంది ఉన్నారని అన్నారు. నా పుస్తకం మీద ఎర్రగా 'కాపీ' అని రాశారు. ఫలితం ఆపేశారు. వచ్చే ఏడు మళ్ళీ ప్రాజెక్టు చేయాలి.

వికారాబాదు స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద సార్ ఒక్కరే కూర్చుని ఉన్నారు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"నవీన్ పుస్తకం చదవకుండనే సంతకం పెట్టిన్రా సార్?"

"చదివే పెట్టిన." అబద్ధం చెప్పనైనా లేదు. "కరస్పాండెంటు ఆఫీసులకు పిలిచి పెట్టమన్నడు. నాకు ఇంకొక కాలేజీ లేదు. అమ్మ మంచంల ఉన్నది. నీకు తెలియంది కాదు బిడ్డా."

"నన్ను బిడ్డా అనకుండ్రి సార్" అన్నాను.

ఆయన పట్టాల వైపు తిరిగారు. రైలొచ్చింది. నేను వేరే పెట్టె ఎక్కాను.

ఇంటికొచ్చి చెప్తే నాయిన చేతికర్ర గోడకానించి కూర్చున్నాడు. గొర్రెల పంచాయితీలు ఎన్నో చూసిన మనిషి. "చెవి కోసిన గొర్రెను ఎవడన్న తనదంటే నలుగుర్ని పిలిచి చెవి చూపెడ్తం. నీ దానికి కోత లేకుండెనా?" అన్నాడు. "ఉండె నాయినా. చూసినాయన చెప్పలే" అన్నాను. నాయిన కాలేజీకి పోతానని తువ్వాల భుజాన వేసుకుంటే అమ్మా నేనూ ఆపాం. పోతే గేటు దాటనివ్వరని ముగ్గురికీ తెలుసు. జూలైలో హైదరాబాదు కంపెనీవాళ్ళు రెండుసార్లు ఫోను చేశారు, మూడోసారి చేయలేదు. ఆ ఏడాది నేను నాయిన వెంట గొర్రెల్లో తిరిగాను. కంది చేలు కోశాక మంద తోలితే గింజలేరుకు తింటాయి. వాటి వెనక నడుస్తూ రోజూ అదే గది, అదే గడియారం, అదే మాట. అమ్మ వాడలో ఎవరికీ ఏమీ చెప్పకుండా పని చేసుకునేది. అది చూడటమే నాకు ఎక్కువ కష్టమయ్యేది.

ఆ ఏడు వానలు పడే రోజుల్లోనే కాలేజీ ల్యాబులో పనిచేసే శాంతమ్మ బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సంచిలో మూడు పొడుగు నోటుపుస్తకాలు. "సారిచ్చిండు. ఎవ్వలకు చెప్పొద్దన్నడు" అంది. ఎవరికీ చెప్పొద్దన్న ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. చదువు చెప్పడం కూడా దొంగతనంగానేనా అనిపించింది. పది రోజులు వాటిని అటుక మీద నుంచి దించలేదు. పదకొండో రోజు దించాను. పంతం పట్టి కూర్చునేంత ఆస్తి నాకు లేదు. అవి ఆయన బెంగళూరులో పనిచేస్తూ రాసుకున్నవీ, తర్వాత పాఠాల కోసం కలిపినవీ. రెండో పుస్తకం మధ్యలో ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. నా పద్ధతి, ఆయన రాతలో. పక్కన ఎర్రసిరాతో 'మల్లేశ్వరి పద్ధతి. నకలు నుంచి తీసివేయుట. సొంత ఆలోచన' అని, కింద తారీఖు. నవీన్ నా దగ్గర ప్రోగ్రాం తీసుకోవడానికి ఏడాది ముందుది.

ఆ పేజీ పట్టుకుని నేను కాలేజీకి పోలేదు. పోతే ఆయన ఉద్యోగం పోతుందని జాలిపడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది. అది నిజం కాదు. మళ్ళీ ఆ మనుషుల ముందు నిలబడి, మళ్ళీ 'చెప్పలేను' అన్న మాట వినే ధైర్యం లేకపోయింది. మరుసటి ఏడు ఇంకొక లెక్చరర్ దగ్గర ఏదో చిన్న ప్రాజెక్టు చేసి పాసయ్యాను. కారిడార్లో సార్ ఎదురైతే గోడవైపు తిరిగేవారు. హైదరాబాదులో నేను ఇచ్చిన మొదటి ఇంటర్వ్యూలో, వరుస మారినా తప్పకుండా రెండు జాబితాలను ఎట్లా పోలుస్తావని అడిగారు. నకలు తీసి, ఒక్కొక్కటీ తీసివేసి, తప్పిపోయినవి ఇవీ, ఎక్కువొచ్చినవి ఇవీ అని కాగితం మీద రాసి చూపించాను. "కాదు అని మాత్రమే చెప్పకుండా ఎక్కడ కాదో చెప్పాలని ఎవరు నేర్పారు?" అని అడిగారు. మా కాలేజీలో ఒక సార్ అన్నాను. పేరు చెప్పలేదు. ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం ఆయన పెట్టిన భిక్షలా అనిపించి, మొదటి రోజు ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే సంతోషం రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత నాయినకు కంటి ఆపరేషన్ అయితే తాండూరు పోయాను. మందుల దుకాణం ముందు ఎవరో నా పేరు పట్టి పిలిచారు. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. జుట్టంతా తెల్లబడింది. ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నానన్నారు. పక్కనే ఉన్న చాయ్ హోటల్లో కూర్చున్నాం. కాలేజీ సంగతి అడిగాను.

"తీసేసిండ్రు. నవీన్ ఇప్పుడు సెక్రెటరీ గదా. వయసైంది, కొత్తోళ్ళను తీసుకుంటమన్నడు." చాయ్ చల్లారుతున్నా ముట్టుకోలేదు. "ఆ దినం చెప్పి ఉంటే ఆ దినమే పోయేటోన్ని. చెప్పనందుకు ఆరేండ్లు దొరికినయ్. గంతే మల్లేశ్వరీ. ఆరేండ్లు. అమ్మ గూడ గా రెండో ఏడే పోయింది."

"ఆ ఆరేండ్లు అందరికీ ఆ పాఠం చెప్పిన్రా సార్?"

"పోలిక పాఠం వచ్చిన దినం సెలవు పెట్టేటోన్ని. ఇంకో సార్ చెప్పేటోడు."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఆ నోటుపుస్తకంల పేజీ... మర్చిపోయి పంపిన్రా?"

ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశారు. "తెలిసే పంపిన. నువ్వు అది పట్టుకొని వస్తవని రోజు ఎదురుచూసిన. నువ్వు ప్రిన్సిపాల్ ముందట పెడితే, అవును నా రాతనే అందామనుకున్న. నా అంతట నాకు నోరు రాలే."

నేను చాయ్ గ్లాసు పక్కకు జరిపాను. ఆ ఏడాదంతా నేను ఆయన్ను పిరికివాడని తిట్టుకుంటుంటే, ఆయన అక్కడ కూర్చుని నా ధైర్యం కోసం ఎదురుచూస్తున్నారన్నమాట. "మీరు చెప్పాల్సింది గూడ నేనే మోసుకొని రావాల్నా సార్? ఇరవై ఏండ్ల పిల్లను" అన్నాను. గట్టిగా అనలేదు. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూడలేదు.

"తప్పే" అన్నారు. క్షమించమని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. లేచి, నాయిన కన్ను ఎట్లా ఉందని అడిగి, మందులు వేళకు వేయమని చెప్పి, వంగి నడుస్తూ వెళ్ళిపోయారు. ఆయన ఈసారి నన్ను 'బిడ్డా' అనలేదన్న సంగతి బస్సెక్కాక గుర్తొచ్చింది. నేను వద్దన్న మాట ఆయన అన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నారు.

కథ ఇక్కడ ఆగితే నాకు సుఖంగా ఉండేది. తప్పు ఆయనది, బాధ నాది అని తేలిపోయేది. కానీ పోయిన ఏడాది మా టీములో నస్రీన్ అని ఒక కొత్తమ్మాయి చేరింది. పాత సిస్టంలోని జాబితాలనూ కొత్త సిస్టంలోని జాబితాలనూ పోల్చి, తేడాలన్నీ చదివేవాళ్ళకు అర్థమయ్యేట్టు ప్రింట్ చేసే టూలు ఒకటి రాసింది. రెండు నెలల కష్టం. నేనే దగ్గరుండి చూశాను. పెద్దవాళ్ళ మీటింగులో మా మేనేజరు దాన్ని తెర మీద చూపించాడు. "చాలా బాగుంది, ఎవరు రాశారు?" అని పైఆయన అడిగాడు. "ఆలోచన నాదే, టీముతో చేయించాను" అన్నాడు మేనేజరు. నస్రీన్ చివరి కుర్చీలో ఉంది. ఆమె మేనేజరును చూడలేదు, నన్ను చూసింది. నా ప్రమోషన్ కాగితం ఆ నెల అతని చేతిలో ఉంది. నేను ముందున్న నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. మూత బిగించి, మళ్ళీ తెరిచి, మళ్ళీ బిగించాను. మీటింగు అయిపోయింది.

వికారాబాదు గదిలో సార్ తల వంచుకుని ఏం చూశారో నాకు అప్పుడు తెలిసింది. ఏమీ చూడలేదు. ఎదుటివాళ్ళ కళ్ళు తప్ప ఏదైనా చూడొచ్చు, అంతే. రాత్రంతా అటూ ఇటూ తిరిగి, మరునాడు పొద్దున అందరికీ మెయిల్ రాశాను. ఆ టూలు మొత్తం నస్రీన్ రాసింది, ఆలోచన కూడా ఆమెదే, నేను సాక్షిని అని రాశాను. పైఆయన బదులిచ్చాడు, మంచిదన్నాడు. మేనేజరు నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ప్రమోషన్ రాలేదు. నస్రీన్ మాత్రం ఆ మధ్యాహ్నం ఒక చిన్న మెసేజి పెట్టింది. 'థ్యాంక్స్ అక్కా. నిన్ననే చెప్పి ఉంటే బాగుండేది.'

ఆ మెసేజిని నేను ఇంకా తీసేయలేదు. మూడు నెలలకు ఆమె వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు అందరికీ మిఠాయి పంచింది, నాకూ ఇచ్చింది, నవ్వుతూనే ఇచ్చింది. ఇప్పటికీ ఏ మీటింగులోనైనా 'ఇది ఎవరి పని' అన్న మాట వినబడితే నాకు నోరు ఎండుతుంది. అది శరణప్ప సార్ నుంచి అంటుకుందని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. అది నాదే. నోరు పూర్తిగా ఎండిపోకముందే పేరు చెప్పేయాలని చూస్తాను. ఎక్కువసార్లు చెప్తాను. ఒక్కోసారి ఇంకెవరో ముందు మాట్లాడేస్తారు, నేను ఊరుకుంటాను.